వదిన అడిగిందనుకుని

బస్సు కదిలాక గానీ ఆమె చూసుకోలేదు, పని ఏప్రన్ ఇంకా ఒంటి మీదే ఉందని. మోకాళ్ల దగ్గర అద్దం పొడి తెల్లగా అంటుకుని ఉంది, పిండిమరలో కూర్చుని లేచినట్టు. సర్లే, పెళ్లిచూపులకా ఏమన్నా, వెళ్తున్నది వదిన ఇంటికి. విప్పి, మడిచి, సంచిలో కుక్కింది. వదిన ఇంటికి. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ఎన్నేళ్లయిందో, నోట్లో కొత్తగా తగులుతున్నాయి. పక్క సీటాయన కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు. ఎడమ అద్దం బాగా మందం, కళ్లజోడు ముక్కు మీదికి జారిపోతోంది, ఎవరో ఫ్రేము సరిగ్గా వంచలేదు. చెయ్యి దురద పెట్టింది గానీ ఊరుకుంది. కళ్లద్దాల దుకాణం వెనక గదిలో ఇన్నాళ్లుగా అద్దాలు అరగదీస్తున్న మనిషికి ఎదుటివాళ్లు ముందు కళ్లజోళ్లుగా కనిపిస్తారు, మొహాలు ఆ తర్వాతే. అందుకే కదా వదిన ఆ పేరు పెట్టింది, భూతద్దం అని. "ఏమే భూతద్దం, ఈరోజు నా వంటలో ఏం దొరికింది నీకు?" పెట్టిన రోజు ఒళ్లు మండింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, ఆ పేరుతో పిలిచే మనిషి లేకుండా పోయాక, అబ్బ, ఎంత వెలితిగా ఉండేదో. ఫోను తీసి మళ్లీ చేసింది. మీరు చేస్తున్న నెంబరు స్విచాఫ్ చేయబడి ఉంది. తెలుసమ్మా, పొద్దున్నుంచీ నువ్వు చెప్తూనే ఉన్నావు, నేను వింటూనే ఉన్నాను.

వదిన ఫోను ఆపేసుకుని కూర్చుంది, ఆ ఫోనులోని వదిన పేరు మాత్రం ఊరంతా తిరుగుతోంది. ఎవడో దొంగవెధవ వదిన మెసేజిల ఖాతాలో దూరి, వదిన ఫొటో పెట్టుకుని, చుట్టాలందరి ముందూ చెయ్యి చాస్తున్నాడు. అన్నయ్యకు చెబుదామంటే ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, పనిలో ఉన్నంతసేపూ ఫోను లాకర్లో పెట్టి తాళం వేయాలి, కంపెనీ నియమం. వదిన పనిచేసే లాండ్రీకి ఇవాళ వారపు సెలవు. ఇక మిగిలింది ఈ బస్సు. ఓనరు దగ్గరికెళ్లి "మా వదినకి బాలేదు" అంది, అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఆయన తలెత్తకుండానే "నీకు వదిన ఉందా?" అన్నాడు. ఆ మాట ఎక్కడో కలుక్కుమంది. ఇన్నేళ్లు ఒకే గదిలో పనిచేశాం, ఆయన కూతురి పళ్ల క్లిప్పు సంగతి దగ్గర్నుంచీ నాకు తెలుసు, నాకో వదిన ఉందని మాత్రం ఆయనకి తెలియదు, అంటే నేనెంత గట్టిగా నోరు కుట్టేసుకున్నానో చూడు.

కిటికీ అద్దం మీద ఎవరిదో తల నూనె మరక. దాని వెనక షాపులు, చెట్లు, రంగు వెలిసిన గోడలు అన్నీ కొంచెం అలుక్కుపోయి వెళ్తున్నాయి. పొద్దున కూడా ఇలాగే కళ్ల ముందు అంతా అలుక్కుపోయింది. చక్రం తిరుగుతోంది, చేతిలో ఎవరో లెక్కల టీచరు తాలూకు అద్దం, బల్ల మీద ఫోను గుర్రుమంది. చూస్తే వదిన. లాండ్రీలో వేలాడేసిన కోట్ల ముందు నిలబడి తీయించుకున్న ఆ ఫొటో, మూతి బిగించి, కెమెరా ఏదో బాకీ ఉన్నట్టు చూస్తూ. "ఎలా ఉన్నావు? చాలా రోజులైంది. నాకో చిన్న సాయం చేస్తావా?" అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే, కానీ అడగడమన్నది వదిన జాతకంలో లేదు. జ్వరమొచ్చినా మంచినీళ్లు తానే లేచి తెచ్చుకుంటుంది. ఆ మనిషి అడిగింది! అదీ నన్ను! "చెప్పు వదినా" అని కొట్టేసింది, వేళ్లకి ఏళ్లు తగ్గిపోయినట్టు. నీ ఫోనుకి నా కోడ్ ఒకటి పొరపాటున వచ్చింది, ఆరంకెలది, అది కాస్త పంపు, అర్జెంటు, అని జవాబు. చూస్తే నిజంగానే వచ్చి ఉంది. ఆహా, ఇంతేనా, దీనికేం భాగ్యం, ప్రాణం అడిగినా ఇచ్చేలా ఉన్నాను ఇప్పుడు. ఆరంకెలూ కొట్టింది. పంపే బాణం మీద వేలు.

అప్పుడు చేతులు వెనక్కి వెళ్లాయి. తెలివితో కాదు, ఇందులో గొప్పేం లేదు, ఒట్టి అలవాటు. పని నేర్పిన పెద్దాయన పెట్టిన పద్ధతి అది. అద్దాన్ని చక్రానికి ఆనించే ముందు రెండు చేతులూ తీసేయాలి, తీసి వీపు వెనక కట్టుకోవాలి, డాక్టరు చీటీ మొదటి అక్షరం నుంచీ మళ్లీ చదవాలి. బట్టయితే కుట్టొచ్చు, చెక్కయితే అతికించొచ్చు, అద్దం అరిగిందా అరిగినట్టే, అనేవాడు ఆయన. కొత్తలో నవ్వొచ్చేది, బడిలో గోడకి నిలబెట్టిన పిల్లలా ఉండేది. ఇప్పుడు చేతులు వాటంతటవే వెళ్తాయి. ఇంట్లో కూర ముక్కలు తరిగేముందు కూడా వెళ్తాయి, ఆయన, అంటే ఇంటాయన, "వంకాయకి కూడా సెల్యూట్ కొడుతున్నావా" అంటాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ వంచి, మెసేజి మొదటినుంచీ చదివింది. కోడ్ కింద చిన్న అక్షరాలు: దీన్ని ఎవరికీ చెప్పకండి, మా వాళ్లడిగినా చెప్పకండి. వదినకు రావలసిన కోడ్ నా ఫోనుకెందుకొస్తుంది? ఆవిడ ఉత్తరం మా ఇంటికొచ్చినా నా పేరు మీద రాదు కదా. పైకెళ్లి ఇంకోసారి చదివింది. ఎలా ఉన్నావు. ఎలా ఉన్నావా? వదిన ఎప్పుడైనా ఎలా ఉన్నావని అడిగిందా? బక్కచిక్కావు, ఒళ్లు చేశావు, జుట్టు ఊడింది అని నేరుగా తీర్పే తప్ప ఆవిడ నోట ప్రశ్న ఎప్పుడైనా విన్నామా? అంకెలన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. దొంగ అని తేలినప్పుడు కోపం రావాలి కదా, రాలేదు. ఏడుపొచ్చింది. ఇన్నేళ్లకి వదిన నోట ఒక మెత్తని మాట, అది కూడా దొంగ నోటిదే.

ఏడుస్తూ కూర్చుంటే కుదరదని పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుని ఉంది. "మీ వదిన నన్ను డబ్బడిగిందే, పాపం ఎంత కష్టంలో ఉంటే అడుగుతుంది! బ్యాంకుకి బయల్దేరుతున్నా." "పిన్నీ, చెప్పులు విప్పు. అది వదిన కాదు." "ఫొటో దానిదేనే!" "ఫొటో ఎవరైనా పెట్టుకుంటారు. నీ ఫొటో పెట్టుకుని నేను ఊరంతా అప్పులు చెయ్యగలను." పిన్ని కాసేపు ఆ సంగతి ఆలోచించింది. "చెయ్యకు తల్లీ" అంది చివరికి. అందరికీ ఫోన్ చేసి నోటితో చెప్పు పిన్నీ, మెసేజి పెట్టకు, గ్రూపులో అసలే పెట్టకు, వాడు అక్కడే కూర్చుని అన్నీ చదువుతుంటాడు, అంటే పిన్నికి ఒక్కసారిగా హుషారొచ్చింది. ఊళ్లో చుట్టాలందరికీ ఒకే రోజు ఫోన్ చేసే అవకాశం ఎవరికి దొరుకుతుంది! ఇప్పటికి సగం మందికి చేసే ఉంటుంది, మిగతా సగానికి ఆ సగమే చేసి ఉంటారు. ఆ విషయంలో ఆమెకు దిగుల్లేదు. మా చుట్టాల నోటి ముందు ఏ దొంగ వేగమూ చాలదు. దిగులంతా ఒక్కటే. తలుపు తీస్తుందా? తీసి, నా మొహం చూసి, ఓహో నా పుట్టి మునిగిందని తెలిసి చూడ్డానికొచ్చావా అంటే? అంటుంది. ఆవిడ అనగలదు. నేనైనా అంటాను ఆమాటకొస్తే.

ముందు సీట్లో ఒకాయన ఫోను చెవికి ఆనించుకుని కార్డు మీది అంకెలు గట్టిగా అప్పజెబుతున్నాడు, ఎక్కం చెప్పినట్టు, రాగం తీసి. వెనక మూడంకెలు కూడా చెప్పబోతున్నాడు. ఊరుకుందామనే అనుకుంది, చేతనైతే కదా. వంగి భుజం తట్టింది. "అయ్యా, ఎవరికి చెప్తున్నారు?" ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. "మా ఆవిడకండీ! చెప్పులు కొంటోంది." "మీ ఆవిడే, కాదన్నానా. బస్సులో మిగతావాళ్లం మీ ఆవిడలం కాదు కదా." రెండు సీట్లు నవ్వాయి. ఆయన ఎర్రబడి, ఫోనులోకి "ఇంటికొచ్చి చెప్తా" అన్నాడు, అవతల నుంచి ఏం వినిపించిందో, "కాదే, ఎవరో ఆవిడ... నాకు తెలియదే ఎవరో" అని బతిమాలుకోవడం మొదలుపెట్టాడు. అయ్యయ్యో, సంసారంలో నిప్పులు పోశానా ఏం. అయినా పోతే చెప్పులు పోతాయి, కార్డంతా పోదు.

ఇలాంటివి మా ఇంటాయనకి ఎన్ని చెప్పాలో. లాటరీ తగిలిందని మెసేజొస్తే రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు మహానుభావుడు. టికెట్టే కొననివాడికి లాటరీ ఎలా తగులుతుందయ్యా అంటే, అదృష్టం కదా అన్నాడు. పార్శిల్ ఆగింది, ఇక్కడ నొక్కండి అంటే, మనం తెప్పించకపోయినా ఎవరో పంపారేమో, నొక్కితే పోయేదేముంది అన్నాడు. పోయేది తర్వాత తెలుస్తుంది. ఆ రోజే ఆయన పాస్‌వర్డ్ మార్చేసింది. ఎవరూ కనిపెట్టలేని పొడుగుపాటి వాక్యం కావాలి, ఆయన మర్చిపోనిదీ కావాలి, అందుకని "నేను తడి తువ్వాలు మంచం మీద పడేస్తాను, సిగ్గులేదు" అని పెట్టింది. "నా చేత్తో నన్నే తిట్టుకోమంటావా రోజూ?" అని గోల. తిట్టుకో. తువ్వాలూ ఆరేస్తున్నాడు ఇప్పుడు, ఖాతా కూడా భద్రంగా ఉంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు. వదినకి చెబితే పడీపడీ నవ్వుతుంది, వదినకి చెప్పాలి అని ఆ రోజు అనుకుంది కూడా. అనుకుని, ఫోను దాకా వెళ్లి, వెనక్కొచ్చింది. ఇలా చెప్పాలనుకుని చెప్పనివి ఎన్ని పోగుపడ్డాయో, అటక మీది సామానులా.

గొడవ ఏమంత గొడవని. అమ్మ పోయాక అమ్మ గోధుమరంగు శాలువా కోసం ఇల్లంతా వెతికితే, ఉతకమని వదిన లాండ్రీలో ఇచ్చిందని తేలింది. వెళ్లింది. కౌంటరు ముందు జనం, కౌంటరు వెనక వదిన. "టోకెన్?" అంది వదిన. వేళాకోళం అనుకుంది. "టోకెన్ లేకపోతే సాయంత్రం రా, వెతికి పెడతా." వేళాకోళం కాదు. లోపల ఏదో పటుక్కున తెగింది. "మా అమ్మ శాలువాకి నేను టోకెన్ చూపించాలా?" అని అరిచింది, క్యూలో వాళ్లంతా చూశారు, వదిన మొహం మాడిపోయింది, ఆమె వచ్చేసింది. సాయంత్రానికి శాలువా అన్నయ్య చేతిలో వచ్చింది, ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి. దానితో పాటు ఒక్క మాట కూడా రాలేదు. ఆమె కూడా ఒక్క మాట పంపలేదు. తర్వాత ఎవరు ముందు పలకాలన్నదే మిగిలింది, శాలువా సంగతి ఇద్దరూ మర్చేపోయారు. ఇప్పుడు, బస్సు కిటికీ దగ్గర, ఎండ ఒళ్లో పడుతుంటే, అనిపిస్తోంది, ఆ కౌంటరు దగ్గర వదినకి నేనేమీ ప్రత్యేకం కాదు, అదే కదా నా బాధ. సొంత మొగుణ్ని కూడా టోకెన్ కోసం ఇంటికి తరిమిన మనిషి. ఎప్పుడో ఎవడో తీయగా మాట్లాడి పరాయివాళ్ల కోటు పట్టుకుపోతే జీతంలోంచి కట్టిందట, అప్పట్నుంచీ దేవుడొచ్చి అడిగినా టోకెన్. నాకూ ఒక పద్ధతుంది, చేతులు వెనక్కి కట్టుకోవడం. ఆవిడకీ ఒకటుంది. నాది పద్ధతీ, ఆవిడది పొగరూనా? ఏం న్యాయం అది.

అక్కడే ఇంకోటి ముల్లులా గుచ్చుకుంటోంది. టోకెన్ లేనిదే బొత్తం కూడా ఇవ్వని మనిషి, దొంగ చేతికి తాళం ఎలా ఇచ్చింది? ఖాతా ఊరికే పోదు. ఇలాంటి కోడే ఎవరో అడిగి ఉండాలి, వదిన ఇచ్చి ఉండాలి. వదిన! ఇచ్చిందంటే ఎంత అలసిపోయి ఉందో, ఎంత గాభరాలో ఉందో, లేదా ఒంట్లో బాలేదో, వయసు మీద పడిందో. చూసి ఎన్నేళ్లయింది, జుట్టు నెరిసిందేమో. కళ్లజోడు మార్చుకుందో లేదో, పాత నెంబరుతోనే లాగిస్తోందేమో, ఆవిడకి దగ్గర చూపు అప్పటికే మందగించింది, నాకు తెలుసు, నేనే కదా చేసిచ్చింది. ఇవాళ చూసి కొలత తీసుకోవాలి. ఇవాళ చూసి. ఆ మాట దగ్గర ఆమెకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది, పక్క సీటాయన ఇటు తిరిగి చూశాడు. పుట్టి మునిగిందని పరుగెడుతున్నానా, పండక్కి వెళ్తున్నానా? లోపల ఎక్కడో సంతోషంగా ఉంది, దాచుకోవడమెందుకు. వెళ్లడానికి ఒక సాకు కావాలి ఇన్నాళ్లూ, ఆ వెధవ ఇచ్చాడు. వాడు దొరికితే ముందు రెండు తగిలించి, తర్వాత ఒక దండం పెట్టాలి.

దిగేసరికి ఎండ కాస్త వాలింది. అదే వీధి, గేటుకు కొత్త రంగు, మెట్ల మీద అన్నయ్య పాత బూట్లు. తలుపు కొట్టింది. లోపల అడుగుల చప్పుడు వచ్చి తలుపు వెనక ఆగింది. "ఎవరు?" అంది వదిన గొంతు, బెరుగ్గా. వదిన గొంతు బెరుగ్గా ఉండటం ఆమె ఎప్పుడూ వినలేదు. "నేనే వదినా" అంటే చాలదేమో అనిపించింది, ఈ రోజున అందరూ నేనే అంటారు. "నేనే, భూతద్దాన్ని." గొళ్లెం తీసిన చప్పుడు.

వదిన జుట్టు నెరిసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇద్దరూ గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు.

"వదినా, నీ ఫోనులో ఎవరో..."

"తెలుసు" అంది వదిన. "పొద్దున్నే అందరూ ఫోన్లు. సిగ్గేసి ఆపేశా. నీకూ పంపాడా?"

"పంపాడు."

"ఇచ్చావా?"

"ఇవ్వలేదు. కంగారు పడకు, చుట్టాలందరికీ పిన్ని చెప్పేసింది, ఎవరూ పైసా పంపలేదు. నీ ఖాతా కూడా వెనక్కి తెచ్చుకుందాం, దారుంది. అసలు అది కాదు వదినా, నువ్వు... నువ్వెలా ఇచ్చావు? ఎవరడిగితే ఇచ్చావు?"

వదిన చెంగుతో మొహం తుడుచుకుంది. గోడకేసి చూసింది, నేలకేసి చూసింది.

"నువ్వు."

"నేనా?"

"కొత్త నెంబరు. నీ ఫొటో. ఆ ఎర్ర ఫ్రేము కళ్లజోడు పెట్టుకున్నావే, అది. నేనే, నెంబరు మారింది, ఒక సాయం చేస్తావా అని ఉంది. ఇంక కింద ఏముందో నేను చదవనుకూడా లేదు. ఆ అంకెలేవో అడిగావు, ఇచ్చేశా."

ఆమె ఏదో ఒకటి అనాలని, "వదినా అని కూడా పిలిచి ఉండడు కదా వాడు, అనుమానం రాలేదా?" అంది.

"పిలవలేదు" అంది వదిన. "కోపం ఇంకా పూర్తిగా పోలేదేమో అనుకున్నా."

పొద్దున్నుంచీ దాచుకున్న ఏడుపూ, బస్సులో దాచుకున్న నవ్వూ రెండూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని మొదటినుంచీ చదివాను, ఈవిడ చదవనుకూడా లేదు. ఇద్దరిలో మోసపోయింది ఈవిడ, నిజమే, కానీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఎదురుచూశారో ఇంక చెప్పక్కర్లేదు. గుమ్మంలోనే నిలబడి, కళ్లజోడు తీసి, చేతి వెనక వైపుతో కళ్లు రుద్దుకుంది. వదిన కూడా అదే పని చేస్తోంది.

"వదినా, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఈ రాత్రికి ఇక్కడ ఉండనా?"

"దీనికి కూడా అడగాలా?" అని కసిరి, వదిన ఆమె చేతిలోంచి సంచి లాక్కుని లోపలికి తీసుకుపోయింది.